అజ్ఞాతవాస యంత్రాలు: విరాటపర్వ ప్రేక్షకుడి దృష్టిలో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’

మైకేల్ బే దర్శకత్వంలో 2007లో విడుదలైన ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ చిత్రంపై తొలినుంచీ ఒక ఆరోపణ ఉంది. తెరమీద పోరాడే యంత్రాలలో ఎవరు ఎవరో తెలియదని, ఇనుము ఇనుముతో ఢీకొంటున్నప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో బోధపడదని ఆ ఆరోపణ సారాంశం. ఇది చిత్రాన్ని పూర్తిగా తోసిపుచ్చేవారు అనే మాటే కాదు, ఇష్టపడినవారు సైతం ఒప్పుకునే మాట. అయితే ఈ ఇబ్బంది ప్రేక్షకులందరిదీ కాదు. జపాన్‌కు చెందిన టకారా సంస్థ తయారుచేసిన బొమ్మల శ్రేణులను తీసుకొని అమెరికన్ సంస్థ హాస్బ్రో 1984లో ఈ పేరుతో వాటిని విపణిలో ప్రవేశపెట్టింది. అదే ఏడాది టెలివిజన్‌లో కార్టూన్ ధారావాహిక మొదలైంది, 1986లో యానిమేషన్ చలనచిత్రం వచ్చింది. ఆ బొమ్మలతో బాల్యం గడిపినవారికి ఎరుపు నీలం రంగుల లారీ కనబడగానే అది ఆప్టిమస్ ప్రైమ్ అని తెలుసు. ఆ బాల్యం లేనివాడికి తెలియదు. వానిని ఈ వ్యాసం ‘కొత్త ప్రేక్షకుడు’ అని వ్యవహరిస్తుంది.

కొత్త ప్రేక్షకుడు అంటే ఏమీ తెలియనివాడు అని అర్థం చేసుకోవడం పొరపాటు. అతడు ఈ కథకు మాత్రమే కొత్తవాడు, కథలు చూడడానికి కొత్తవాడు కాడు. అనంతపురం పీఠభూమిలో ఆ ప్రేక్షకుణ్ణి కూర్చోబెడితే అతని వెనుక తోలుబొమ్మలాట ఉంది, విరాటపర్వం ఉంది, ‘నర్తనశాల’ సినిమా ఉంది. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి తీసిన ‘మాయాబజార్’ ఉంది. రాక్షసుడు శశిరేఖగా మారి, ఆడపిల్ల దేహంలోంచి రాక్షసుడి నడక బయటపడుతుంటే పగలబడి నవ్విన అలవాటు ఉంది. రూపం మార్చుకునే పాత్ర అతనికి వింత కాదు. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించిన తర్వాత కారు దేహాన్ని అతికే యంత్రబాహువు కూడా ఇక్కడివారికి మరీ దూరపు సంగతి కాదు. అటువంటి ప్రేక్షకుడు ఈ చిత్రాన్ని ఏ సంప్రదాయంలోంచి చదువుకుంటాడన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ సంప్రదాయం రామాయణ యుద్ధకాండ కాదు, కురుక్షేత్రమూ కాదు, విరాటపర్వం అని ఈ వ్యాసం ప్రతిపాదన.

పోలిక పైపైది కాదు. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ బొమ్మలను అమ్మిన ప్రచారవాక్యమే అవి మారువేషంలోని రోబోలని చెబుతుంది. స్వస్థానాన్ని కోల్పోయిన వీరులు, పరాయి చోట తమకంటె తక్కువ స్థాయి రూపాలు ధరించి దాక్కొనడం, శత్రువులు వారిని వెతకడం, ఒక నిర్ణీత ఘట్టంలో ఆయుధాలతో సహా అసలు రూపం బయటపడడం, ఆ బయటపడడానికి సాక్షిగా ప్రగల్భాలు పలికే ఒక కుర్రవాడు ఉండడం. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటవాడుగా, అర్జునుడు బృహన్నలగా విరటుని కొలువులో చేరినట్లే ఆటోబాట్లు లారీగా, కారుగా, అంబులెన్సుగా మనుషుల రోడ్లమీద చేరాయి. ఉత్తరకుమారుడి స్థానంలో శామ్ విట్విక్కీ ఉన్నాడు. అంతఃపుర స్త్రీల మధ్య కౌరవసేనను ఒంటిచేత్తో గెలుస్తానన్న ఉత్తరుడికీ, తరగతి గదిలో ముత్తాత తండ్రి సాహసాలను వర్ణిస్తూనే ఆయన కళ్ళజోడును అమ్మకానికి పెట్టిన శామ్‌కూ మధ్య దూరం ఎక్కువ లేదు. ఇద్దరూ నిజమైన సేనను చూడగానే పరుగెత్తుతారు. ఇద్దరినీ వెనక్కి తెచ్చేది మారువేషంలోని వాహనచోదకుడే. రెండో కథలో చోదకుడూ వాహనమూ ఒకటే కావడం విశేషం.

ధ్వజాల పద్యం, పేర్ల సన్నివేశం

తిక్కన విరాటపర్వంలో కౌరవసేనకు ఎదురుగా నిలిచిన రథంమీద అర్జునుడు ఉత్తరుడికి ఎదుటి వీరులను ఒక్కొక్కరినే గుర్తుపట్టి చూపే పద్యం తెలుగు పాఠకులకు సుపరిచితం. బంగారు వేదిక గుర్తుగల పతాక ద్రోణునిది, సింహపు తోక గుర్తుగలది అశ్వత్థామది, బంగారు వృషభం కృపునిది, శంఖం కర్ణునిది, మణిమయ సర్పం దుర్యోధనునిది, తాటిచెట్టు భీష్మునిది. ఈ పద్యాన్ని వర్ణనాసౌష్ఠవానికి ఉదాహరణగా బోధించడం మామూలు. కానీ కథలో అది చేసే పని వేరు. ఉత్తరుడు యుద్ధభూమికి కొత్తవాడు. అంతకుముందు అతనికి కనిపించింది ‘సేన’ అనే ఒకే ముద్ద. ఆ ముద్దను చూసే అతడు పారిపోయాడు. ధ్వజాలు చెప్పిన తర్వాత ఆ ముద్ద మనుషులుగా విడిపోతుంది. భయం పోయిందని కాదు, భయానికి ముఖాలు వచ్చాయి. శ్రోత కూడా ఉత్తరుడి పక్కనే ఉండి ఆ ముఖాలను చూస్తాడు. కాబట్టి ఇది కొత్త ప్రేక్షకుడి కోసం కవి వేసిన మెట్టు.

తోలుబొమ్మలాటలో ఇదే పని రంగులూ రేఖలూ చేస్తాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో నేటికీ చేసే బొమ్మలు నాలుగడుగులకు మించినవి సైతం ఉంటాయి. పారదర్శకం చేసిన తోలు, రెండు వైపులా రంగులు, నగలకోసం పొడిచిన రంధ్రాలు, భుజమూ మోచేయీ వద్ద దారంతో కట్టిన కీళ్ళు, నడుమ నిలువునా పట్టే బద్ద. ఇంత సరంజామాలో ఏ ఒక్కటీ వీరుణ్ణి మరొకనితో పొరబడనివ్వదు. ముఖాలు చాలావరకు పక్కవాటుగా ఉండి ఒక పెద్ద కన్నుతో ప్రేక్షకుణ్ణి ఆకట్టుకొంటాయి. ఈ పోకడకూ లేపాక్షి వీరభద్రాలయ కప్పుమీది చిత్రాలకూ గల సామ్యం కళాచరిత్రకారులు గమనించినదే. నీలం రాముడు, ఆకుపచ్చ హనుమంతుడు వెలుగు వెనుకనుంచి తెరమీదికి వచ్చినప్పుడు పేరు చెప్పనక్కరలేదు. అయినా ఆటగాళ్ళు పేరు చెబుతారు, పాట పాడతారు, ఆ తర్వాతే కథ నడుపుతారు. తెలిసినవానికి కూడా తెలియజెప్పడం ఆ కళ మర్యాద.

‘ట్రాన్స్‌ఫార్మర్స్’లో ఇందుకు సమానమైన సన్నివేశం ఒక్కటి ఉంది, అదే చిత్రంలో అత్యుత్తమమైనది. ఆకాశంనుంచి ఉల్కల్లా రాలిన ఆటోబాట్లు రాత్రివేళ ఒక సందులో శామ్, మికేలాల చుట్టూ చేరగా ఆప్టిమస్ ప్రైమ్ తన పేరు చెప్పుకొని, తన వారిని ఒక్కొక్కరిగా, ఏ పని చేసేవాడో సహా పరిచయం చేస్తాడు. ఇది అచ్చంగా పాత్రప్రవేశం. కెమెరా నిలకడగా ఉంటుంది, యంత్రాలు తమ తమ భంగిమల్లో నిలబడతాయి, కొత్త ప్రేక్షకుడు తొలిసారి ఊపిరి పీల్చుకుంటాడు. శత్రుపక్షానికి ఈ గౌరవం దక్కలేదు. డిసెప్టికాన్లు మెగాట్రాన్‌ను విడిపించడానికి బయలుదేరేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు పేర్లు పలుకుతారు, నిజమే. కానీ ఆ పలుకులు వారి గ్రహభాషలో, పరుగుమధ్యలో, కొన్ని క్షణాల్లో ముగుస్తాయి. తిక్కన ధ్వజాలన్నీ శత్రువులవేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన పక్షంవాణ్ణి గుర్తించడం సులభం. ఎదుటివాడు ఎవరో తెలియకపోతే యుద్ధానికి బరువు రాదు. దాదాపు బూడిదవర్ణంలో ఉండే శత్రుయంత్రాలకు పతాకలు ఇవ్వకపోవడం వల్ల చివరి అరగంట పోరాటం ఉత్తరుడు మొదట చూసిన ముద్దగానే మిగిలిపోయింది.

సాంకేతిక లోపం దీనికి కారణం కాదు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మేజిక్ సంస్థ రూపొందించిన ఆప్టిమస్ దేహంలోనే పదివేలకు పైగా విడిభాగాలున్నాయి. దృశ్య ప్రభావాలకూ శబ్ద విభాగాలకూ ఈ చిత్రం ఆస్కార్ నామినేషన్లు పొందింది. ప్రతి మరా కదులుతుంది, ప్రతి మరకూ నీడ ఉంది. అన్నీ ఉన్నప్పుడు కన్ను దేనిని పట్టుకోవాలో తెలియదు. తోలుబొమ్మకు కదిలే కీళ్ళు కొద్దిగానే ఉంటాయి. కాబట్టి చేయి లేచినప్పుడు చేయి లేచిందని ఊరంతటికీ తెలుస్తుంది. యుద్ధఘట్టంలో ఆటగాళ్ళు తెరవెనుక చెక్కపలకలను కాళ్ళతో తొక్కి పుట్టించే చప్పుడు రెండు బొమ్మలు ఢీకొన్న క్షణానికి సరిగ్గా అతుకుతుంది. ఆ తర్వాత చప్పుడు ఆగుతుంది, పద్యం వస్తుంది. చిత్రంలోని మిషన్ సిటీ పోరాటంలో చప్పుడు ఆగదు. ఆగని చప్పుడుకు కొంతసేపటి తర్వాత అర్థం ఉండదు.

వేషానికి వెల

మారువేషం విషయంలో రెండు కథల మధ్య తేడా మరింత లోతైనది. విరాటపర్వంలో వేషానికి వెల ఉంది. నిండు కొలువులో కీచకుడు ద్రౌపదిని తన్నినప్పుడు భీముని చూపు దగ్గరలోని చెట్టు మీదికి పోతుంది, ధర్మరాజు వారిస్తాడు. వేషం నిలవాలంటే ఆ అవమానాన్ని మింగాలి. ఉత్తర గోగ్రహణం ముగిసిన తర్వాత కూడా, గెలిచినవాడు బృహన్నల అన్నందుకు విరటుడు పాచికతో కొట్టగా ధర్మరాజు ముఖంనుంచి రక్తం కారుతుంది. తెలుగు ప్రేక్షకుడు ‘నర్తనశాల’ను ఇన్నేళ్ళుగా చూస్తున్నది యుద్ధం కోసం కాదు. సావిత్రి సైరంధ్రిగా, ఎస్.వి. రంగారావు కీచకుడుగా ఎదురుపడినప్పటి ఉద్రిక్తత కోసం, వీరులు పలకకూడని చోట పలకకుండా ఉండిన నిగ్రహం కోసం.

చిత్రంలోని బంబుల్‌బీకి మాట పోయింది; రేడియోలోని పాటల ముక్కలతో మాట్లాడుతుంది. ఇది వేషానికి వెల కాగల అంశం, మొదటి భాగంలో ఆ ఛాయ ఉంది కూడా. తుప్పుపట్టిన పాత కెమారో కారుగా అది శామ్ ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కొత్త ప్రేక్షకుడికి బృహన్నల గుర్తుకు రావడం సహజం. కానీ మికేలా ఆ పాత కారును తీసిపారేసినట్టు మాట్లాడగానే ఏమవుతుంది? కారు వారిని రోడ్డుమీద దింపి వెళ్ళి, ఎదురైన కొత్త కెమారో రూపాన్ని గ్రహించి మెరిసిపోతూ తిరిగివస్తుంది. అవమానానికి జవాబు కొత్త మోడల్! ఆటోబాట్లలో లారీరూపుడైన నాయకుణ్ణి మినహాయిస్తే మిగిలిన ప్రధాన పాత్రలన్నీ జనరల్ మోటార్స్ వాహనాలే అన్న సంగతి తెలిసిన తర్వాత ఈ సన్నివేశం కథలో ఏ పని చేస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు. మారువేషం ఇక్కడ దాక్కొనే చోటు కాదు, ప్రదర్శనశాల. వేషం ఎంత అందంగా ఉంటే అంత మంచిదైనప్పుడు దానిని విప్పవలసిన క్షణానికి ఉత్కంఠ ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి మినహాయింపుగా శత్రుపక్షపు పోలీసుకారును చెప్పుకోవాలి. సాధారణంగా ఆ కార్లమీద ఉండే రక్షణ, సేవ అన్న మాటలకు బదులు శిక్ష, దాస్యం అన్న అర్థం వచ్చే మాటలు దానిమీద రాసి ఉంటాయి. ఒక్క వాక్యంలో వేషమూ వ్యంగ్యమూ అమరాయి. చిత్రం మొత్తం ఈ తెలివితో నడిచి ఉంటే దాని గురించి మరో రకంగా రాయవలసి వచ్చేది.

హాస్యం గురించి కూడా ఒక మాట. శామ్ తల్లిదండ్రుల ముచ్చట్లు, ఇంటితోటలో దాక్కోలేక తంటాలుపడే భారీ యంత్రాలు కథాగమనానికి అడ్డమని పలువురు విసుక్కున్నారు. తోలుబొమ్మలాట ఎరిగినవానికి ఆ విసుగు రాదు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు యుద్ధాల మధ్య దూరి ఆట పట్టిస్తారనీ, వారు లేకుంటే తెల్లవార్లూ కూర్చోవడం కష్టమనీ అతనికి తెలుసు. తోట సన్నివేశం ఆ కోవలోనిదే, బాగా పండినదే. తేడా ఒక్కటి: కేతిగాడు ఆ ఊరి కరణాన్ని, ఆ ఏటి వానను, ముందు వరుసలో కునికిపాట్లు పడుతున్నవాణ్ణి ఆటలోకి లాగుతాడు. విట్విక్కీల హాస్యం వారి గోడ దాటి రాదు.

బొమ్మపొత్తికలు

ఉత్తర గోగ్రహణం సంహారంతో ముగియదు. అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు, కురువీరులు మూర్ఛలో ఉండగా ఉత్తరుడు వారి వస్త్రాలు తెస్తాడు. ఎందుకంటే బయలుదేరేటప్పుడు రాకుమారి ఉత్తర తన బొమ్మపొత్తికలకు కట్టడానికి కౌరవుల మేలి వస్త్రాలు తెమ్మని కోరింది. అంత పెద్ద సేన, అంతటి అస్త్రాలు చివరికి ఒక పిల్ల ఆటబొమ్మల చీరలయ్యాయి. యుద్ధపు గర్వాన్ని ఇంత మృదువుగా తగ్గించిన ఘట్టం భారతంలో అరుదు. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’లో ఈ వరుస తలకిందులైంది. అక్కడ ముందు పుట్టింది బొమ్మ. బొమ్మ అమ్ముడుపోవడానికి కథ, కథ నిలవడానికి యుద్ధం. యుద్ధం ముగిస్తే బొమ్మల అమ్మకమూ ముగుస్తుంది కనుక ముగియని యుద్ధం. 2009, 2011, 2014, 2017 సంవత్సరాల్లో మైకేల్ బే తీసిన కొనసాగింపులే ఇందుకు సాక్ష్యం. పాండవుల అజ్ఞాతవాసం ఒక్క ఏడాది. ఆ గడువే దానికి ప్రాణం. ఒక్కరోజు ముందు బయటపడినా మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. ఆటోబాట్ల అజ్ఞాతవాసానికి గడువు లేదు.

ఎండిన గ్రహం

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి చిత్రంలో ఏమీ లేదని తేల్చడం న్యాయం కాదు. కొత్త ప్రేక్షకుడు, ముఖ్యంగా ఈ పీఠభూమివాడు, మాత్రమే ఆగి చూడగల చోటు ఒకటి అందులో ఉంది. దాని మీదినుంచి దర్శకుడు చాలా తొందరగా వెళ్ళిపోయాడు.

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేరుశనగ పైరుకు కావలసినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మొదలు సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామిల కథల వరకు ఈ నేల సాహిత్యం చెప్పినది ఎండిన భూమినీ, ఆ భూమిని వదిలి బెంగుళూరు దారిపట్టిన మనుషులనూ గురించే. వానలు పడనప్పుడు విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు పల్లెల ఆచారం. గోవులు తిరిగి మందకు చేరే కథ, వీరులు తమ రూపాలకు తిరిగివచ్చే కథ, వాన కూడా తిరిగిరావాలన్న కోరికకు తగిన కథ. తోలుబొమ్మలాటవారిని పిలిపించి రాత్రంతా ఆడించుకున్న ఊరు ఆ యుద్ధాన్ని వినోదంగా మాత్రమే చూడలేదు. దానినుంచి ఒకటి అడిగింది.

ఈ కళ్ళతో చూసినప్పుడు ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ మూలకథ వేరుగా కనిపిస్తుంది. సైబర్‌ట్రాన్ గ్రహం యుద్ధంలో పాడైపోయింది. దానికి జీవమిచ్చే ఆల్‌స్పార్క్ అనే ఘనాకృతి అంతరిక్షంలో కొట్టుకుపోయి భూమిమీద పడింది. మానవ ప్రభుత్వం దానిని దాచడానికి హూవర్ ఆనకట్టను కట్టిందని చిత్రం చెబుతుంది. కాలువ నీటికోసం ఏళ్ళతరబడి ఎదురుచూసిన సీమ ప్రేక్షకుడికి నీటికోసం కాక మరొకదానికోసం కట్టిన ఆనకట్ట కొంత నవ్వు తెప్పించవచ్చు. ఆప్టిమస్ ప్రైమ్ వెతుకుతున్నది ఆయుధాన్ని కాదు, తన నేల మళ్ళీ పచ్చబడే ఉపాయాన్ని. మెగాట్రాన్ చేతికి అది చిక్కకుండా చేయడానికి తానే నాశనమవడానికి కూడా అతడు సిద్ధపడతాడు. చివరకు శామ్ ఆ ఘనాన్ని మెగాట్రాన్ గుండెలోకి నెడతాడు. శత్రువు చస్తాడు, ఘనం నశిస్తుంది.

అంటే యుద్ధం గెలిచినవారు తమ ఊరిని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. ఇంతకంటె పెద్ద విషాదం ఈ కథలో లేదు. శామ్ చేసిన పని సాహసమే. కానీ అతడు కాపాడింది తన గ్రహాన్ని, ఆర్పింది వారి గ్రహాన్ని. ఉత్తరుడు విరటుని మందను తెచ్చినట్లు ఇక్కడ ఏ మందా తిరిగిరాలేదు. దీనికి తగిన మౌనం చిత్రంలో ఒక్క నిమిషమైనా లేదు. ఆల్‌స్పార్క్ పోయింది కనుక తమ గ్రహానికి ప్రాణం పోయలేమని ఆప్టిమస్ ముక్తసరిగా చెబుతాడు. దానిని అనుకూలంగా మార్చి, తమకు కొత్త ఇల్లు దొరికిందంటాడు. తర్వాతి దృశ్యంలో సూర్యాస్తమయపు వెలుగులో కొండమీద కారు, దానిమీద ఆలింగనంలో ఇద్దరు యువతీయువకులు. ఆ కారు తన గ్రహాన్ని కోల్పోయిన శరణార్థి అన్న స్పృహ ఆ ఇద్దరికీ లేదు, కెమెరాకూ లేదు.

వలస కథగా చదివితే చిత్రంలోని చిన్న వివరాలు కూడా మారిపోతాయి. ఆటోబాట్లు భూమి భాషలను అంతర్జాలంనుంచి నేర్చుకున్నామంటాయి. చేరిన చోటి మాట వేగంగా నేర్చుకోవడం వలసవాని తొలి అవసరం. అవి ధరించినవాటిలో కొన్ని పనిచేసే రూపాలు: సరుకు లారీ, అంబులెన్సు, ట్రక్కు. ఎవరి కంటా పడకుండా అందరికీ ఉపయోగపడుతూ ఉండడమే అక్కడ బతికే షరతు. విరటుని కొలువులో పాండవులు ఎంచుకున్న కొలువులూ ఇటువంటివే: వంట, గుర్రాల పోషణ, పశువుల కాపరితనం, కేశాలంకరణ. మారువేషం అంటే కూలిపని అన్న ఎరుక వ్యాసభారతం నాటినుంచీ ఉంది. ఆ ఎరుకను ఈ చిత్రం అనుకోకుండా తాకి, తాకినట్లు గమనించక, పక్కకు పోయింది.

నిమ్మలకుంటలో బొమ్మలు చేసే కుటుంబాలవారు కూడా ఇటువంటి రూపాంతరానికి లోనైనవారే. ఇంట్లో మరాఠీకి దగ్గరి మాట, తెరవెనుక తెలుగు పద్యం, తిరిగిన ఊళ్ళెన్నో. ఆడించేవారు తగ్గిన తర్వాత అదే తోలు, అవే రంగులతో దీపాల తొడుగులు, గోడచిత్రాలు చేసి అమ్ముతున్నారు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆట ఆడినా ఆడకపోయినా బొమ్మలోని రేఖ చెడలేదు. దీపం వెలిగించినప్పుడు తొడుగుమీది అర్జునుడి కన్ను ఇప్పటికీ పక్కవాటుగా, పెద్దదిగా, ఎవరినో గుర్తుపడుతున్నట్లే ఉంటుంది.

చిత్రం చివరి మాటలు ఆప్టిమస్‌వి. నక్షత్రాల మధ్య ఎక్కడైనా తలదాచుకున్న తనవారు మిగిలి ఉంటే వారికి ఆకాశంలోకి కబురు పంపుతాడు: ఇక్కడ ఉన్నాం, ఎదురుచూస్తున్నాం అన్నది దాని సారం. తర్వాతి చిత్రానికి వేసిన వంతెనగా ఆ మాటలను తీసుకోవడం తేలిక, నిర్మాతల ఉద్దేశమూ అదే కావచ్చు. పనికోసం ముందుగా పట్నం చేరినవాడు వెనుక ఊళ్ళో మిగిలినవారికి పంపే కబురుకూ ఆ మాటలకూ తేడా లేదన్నది మాత్రం కరువుసీమనుంచి వచ్చిన కొత్త ప్రేక్షకుడికి ఎవరూ వివరించనక్కరలేదు.